నంబరు పాతదా, షూ పాతదా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పరుగు షూల గురించే. అదీ కొత్తగా వచ్చినవాటి గురించి కాదు, డిస్కౌంట్‌లో పెట్టిన పాత మోడళ్ల గురించి. అందుకే ఆహారం, నిద్ర, మోకాళ్ల వ్యాయామాలు అడిగినవాళ్లందరినీ వచ్చే సంచిక దాకా ఆగమని చెప్పి, ఇవాళ షూలతోనే సరిపెడుతున్నా.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా పరుగెడుతున్నాను. వారానికి నాలుగు రోజులు, మొత్తం ఇరవై అయిదు కిలోమీటర్ల దాకా అవుతుంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్న మామూలు స్పోర్ట్స్ షూతోనే నెట్టుకొచ్చాను, ఇప్పుడు మడమ దగ్గర సోల్ బయటి వైపు బాగా అరిగిపోయింది. రోజూ పరుగుకి పనికొచ్చే న్యూట్రల్ షూ, అంటే పాదం ఒరగకుండా ఆపే అదనపు ఆసరా లేని రకం, కొందామని వెళ్తే కొత్త మోడల్ ధర చూసి వెనక్కి వచ్చేశాను. అదే షూ రెండు మోడల్ నంబర్ల కిందటిది చాలా తక్కువకి దొరుకుతోంది. నాతో పాటు పరుగెత్తే అతనేమో "పాతది కొంటే మోకాళ్లు పోతాయి" అని టెన్షన్ పెడుతున్నాడు. కొనమంటారా, వద్దంటారా?

జవాబు: కొనండి. మోకాళ్లు పోతాయన్న మాట మాత్రం పట్టించుకోకండి. రెండేళ్ల కిందట ఆ షూ కొత్తగా వచ్చినప్పుడు మీ స్నేహితుడి లాంటివాళ్లే దాన్ని ఆకాశానికెత్తి ఉంటారు. అప్పుడు మోకాళ్లని కాపాడిన షూ, పక్కన కొత్త నంబరు వచ్చి కూర్చోగానే మోకాళ్లని తినేస్తుందా?

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. రోజువారీ పరుగు షూలని పేరున్న కంపెనీలన్నీ దాదాపు ఏడాదికోసారి కొత్త నంబరుతో వదులుతాయి. నైకీ పెగసస్ 1983లో మొదలైంది, దాని నంబర్లు ఇప్పుడు నలభై దాటాయి. ఏసిక్స్ జెల్ క్యుములస్, బ్రూక్స్ ఘోస్ట్, సాకొనీ రైడ్, మిజునో వేవ్ రైడర్, న్యూ బ్యాలెన్స్ 880, హోకా క్లిఫ్టన్, ఇవన్నీ కూడా అదే వరస. మనిషి పాదం ఏడాదికోసారి మారదు కదా, కాబట్టి ప్రతి నంబరుకీ చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. కొన్నిసార్లు పైన గుడ్డ మారుతుంది, లేసుల కింద ఉండే నాలుక కొంచెం మందంగా అవుతుంది, లేసుల రంధ్రాలు అటూ ఇటూ జరుగుతాయి, నాలుగు కొత్త రంగులు వస్తాయి, అంతే. కొత్తవి అమ్మాలంటే అల్మారాలో పాతవాటిని ఖాళీ చెయ్యాలి కాబట్టి వాటి ధర తగ్గిస్తారు. షూలో లోపం ఉందని కాదు. ఎవరికీ నచ్చని రంగైతే ఇంకా తగ్గిస్తారు, నా మటుకు నేను పరుగెత్తేటప్పుడు నా కాళ్ల వైపు చూసుకోను గనక గాఢమైన నారింజ రంగు షూలు ఇప్పటికి మూడు జతలు వాడేశాను.

అయితే కొన్ని నంబర్లలో నిజంగానే షూ మారిపోతుంది, అది ముందే కనుక్కోవాలి. ఏసిక్స్ జెల్ నింబస్ 24కీ, 2023లో వచ్చిన 25కీ పేరు ఒక్కటే గానీ రెండూ వేర్వేరు షూలన్నట్టే, 25లో సోల్ మందం బాగా పెరిగింది, కాలికి తగిలే తీరే వేరు. నైకీ పెగసస్ 40లో రియాక్ట్ అనే ఫోమ్, 2024లో వచ్చిన 41లో రియాక్ట్ ఎక్స్. బ్రూక్స్ ఘోస్ట్ 15 నుంచి 16కి వచ్చేసరికి ఫోమ్ మారింది. హోకా క్లిఫ్టన్ 9లో మడమకీ ముందు భాగానికీ ఎత్తు తేడా 5 మిల్లీమీటర్లు, 10లో అది 8 అయింది. కొత్తదే మంచిదని చెప్పడానికి ఇవన్నీ రాయలేదు, పాతదే నచ్చి దాన్నే పట్టుకుని వేలాడేవాళ్లు కూడా బోలెడుమంది. నేను చెప్పేదేమిటంటే, 10 గురించి చదివిన మెచ్చుకోళ్లు నమ్మి 9 కొనకండి. ఏ నంబరు కొంటున్నారో ఆ నంబరు గురించే చదవండి. పాత మోడల్‌తో ఇదో సుఖం కూడా, దాన్ని అప్పటికే వందలమంది వందల కిలోమీటర్లు వాడి ఎక్కడ చిరిగింది, ఎక్కడ కరిచింది అన్నీ రాసి పెట్టి ఉంటారు.

ఇందాక ఎత్తు తేడా అన్నాను కదా, దాన్ని డ్రాప్ అంటారు. మీరు ఇప్పుడు వాడుతున్న మామూలు షూ మడమ ఎత్తుగా ఉండే రకం అయ్యుండొచ్చు. దాని నుంచి ఒక్కసారిగా 4, 5 మిల్లీమీటర్ల డ్రాప్‌కి దిగితే పిక్కల మీద, మడమ వెనక ఉండే స్నాయువు మీద బరువు పెరుగుతుంది. 8 నుంచి 10 మధ్య ఉన్నది చూసుకుంటే మొదటి వారం మెట్లు దిగేటప్పుడు మూలగాల్సిన పని ఉండదు.

ఇక అసలు సంగతి. పాత మోడల్ వేరు, పాత షూ వేరు. రెండేళ్ల కిందటి మోడల్ అయినా మీ చేతికొచ్చిన జత ఏడాది కిందట తయారై ఉండొచ్చు, నాలుగేళ్లుగా ఏ వేడి గోడౌన్‌లోనో మగ్గి ఉండొచ్చు కూడా. చాలా షూల మిడ్‌సోల్‌లో, అంటే పాదానికీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొరలో, వాడే ఈవీఏ ఫోమ్ వాడకపోయినా వయసు మీద పడేకొద్దీ నెమ్మదిగా గట్టిపడుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. పాలీయురిథేన్ అనే ఇంకో రకం ఫోమ్ సంగతి మరీ ఘోరం, గాలిలో తేమకే లోపల్లోపల చివికి, ఒక్క కిలోమీటరు కూడా నడవని షూ కాలు పెట్టగానే పొడిపొడిగా రాలిపోతుంది. జిగురుకి కూడా ఆయువు ఉంటుంది.

కాబట్టి షాపులో చేతికిచ్చిన వెంటనే కాలికి తొడుక్కోకండి. నాలుక లోపలి వైపు ఒక చిన్న లేబుల్ ఉంటుంది, సైజులన్నీ రాసి ఉండేది అదే, చాలా కంపెనీలు తయారీ తేదీ కూడా అక్కడే వేస్తాయి. నైకీ జతల మీద చాలావాటికి రెండు తేదీలుంటాయి, తయారీ మొదలైనదీ ముగిసినదీ. తర్వాత మిడ్‌సోల్ పక్క భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి, లోపలికి దిగి వదలగానే పైకి లేవాలి, గోడని నొక్కినట్టుంటే దాని పని అయిపోయినట్టే. రెండు చేతులతో ముందు భాగం వంచి చూడండి, సోల్ అంచు వెంబడి జిగురు నోరు తెరిస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి. చివరగా రెండిటినీ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, రెండూ నిటారుగా నిలబడాలి. ఇదంతా చేస్తుంటే షాపతను కొంచెం చిరాకు పడతాడు, పడనివ్వండి. నా లెక్క అడిగితే, తయారై రెండేళ్లు దాటని జతైతే పెద్దగా ఆలోచించను, మూడేళ్లు దాటితే చేత్తో నొక్కి చూడకుండా కొనను, అయిదేళ్లదైతే ఊరికే ఇచ్చినా వద్దు. ఆన్‌లైన్‌లో అయితే ఈ నొక్కుడు పరీక్షలు కుదరవు, అందుకని వెనక్కి తీసుకునే వీలుంటేనే కొనండి, వచ్చాక నాలుగు రోజులు ఇంట్లోనే తొడుక్కుని నడవండి, మురికి అంటనంతవరకే వాపసు.

మడమ బయటి వైపు అరిగిందన్నారు. కంగారు పడేదేమీ కాదు. చాలామంది మడమ బయటి అంచుతోనే నేల తాకుతారు. దాన్ని చూపించి "మీకు న్యూట్రల్ పనికిరాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్న: అదే ధరకి ఒక పెద్ద కంపెనీ వాళ్లదే ఈ ఏడాది కొత్త మోడల్ దొరుకుతుంటే కిందటేడాది షూ ఎందుకు కొనాలి? కొత్తది కొత్తదే కదా?

జవాబు: కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ప్రతి కంపెనీకీ మెట్లున్నాయి. పైమెట్టులో ఖరీదైన కుషన్ షూలు, మధ్యమెట్టులో నేను పైన చెప్పిన పెగసస్, క్యుములస్, ఘోస్ట్ లాంటివి, కిందిమెట్టులో తక్కువ ధరవి. నైకీలో రెవల్యూషన్, డౌన్‌షిఫ్టర్, ఏసిక్స్‌లో జెల్ కంటెండ్, జెల్ ఎక్సైట్ ఈ కిందిమెట్టువి. బొమ్మలో చూస్తే రెండు మెట్లకీ పెద్ద తేడా కనపడదు, పక్కన గీతలు కూడా అవే. ఫోమ్ సాదాది, కింద రబ్బరు పలచన, మడమ చుట్టూ పట్టు తక్కువ. వారానికి రెండుసార్లు మూడేసి కిలోమీటర్లు పరుగెత్తి, మిగతా రోజులు నడిచేవాళ్లకి అవి నిక్షేపంలా సరిపోతాయి, నేను తీసిపారెయ్యను. వారానికి ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు దాటితే మాత్రం ఈ ఏడాది కిందిమెట్టు కంటే కిందటేడాది మధ్యమెట్టు మేలు, ధర ఒకటే అయినప్పుడు మరీను.

ప్రశ్న: నా పాదాలు చదును. తడి కాలు గచ్చు మీద పెడితే పాదం మొత్తం అచ్చు పడుతుంది. న్యూట్రల్ షూ వేసుకుంటే కాలు లోపలికి ఒరిగి దెబ్బలు తగులుతాయని, అలా ఒరగకుండా ఆసరా ఇచ్చే స్టెబిలిటీ షూనే కొనాలని షాపులో చెప్పారు. న్యూట్రల్ వాటిలోనే మంచి డిస్కౌంట్ ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తడి కాలి అచ్చుతో షూ ఎంచుకోవడం దశాబ్దాల నాటి అలవాటు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణ శిబిరాల్లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. కొందరికి పాదం ఆకారాన్ని బట్టి షూలిచ్చారు, కొందరికి ఆకారంతో సంబంధం లేకుండా అందరికీ ఒకే రకం. దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లందరికీ ఒకే న్యూట్రల్ షూ ఇచ్చి ఏడాది పాటు చూశారు, 2014లో అచ్చైన అధ్యయనం అది, పాదం లోపలికి ఒరిగేవాళ్లకి దెబ్బలు ఎక్కువ తగులుతాయన్నది అక్కడా తేలలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఒక వైపే చెప్పినట్టవుతుంది. 2016లో లక్సెంబర్గ్ పరిశోధకులు 372 మంది మీద చేసిన ప్రయోగంలో పాదం లోపలికి ఒరిగేవాళ్లకి ఆసరా ఉన్న షూ కొంత మేలు చేసినట్టు కనిపించింది. కాబట్టి స్టెబిలిటీ షూలు దండగ అని నేను అనను. మీరు ఇప్పటిదాకా న్యూట్రల్ షూలతో హాయిగా పరుగెత్తుతూ ఉంటే అచ్చు ఎలా పడినా వాటితోనే ఉండండి. లోపలి వైపు మోకాలో, చీలమండో మాటిమాటికీ నొప్పి పెడుతుంటే స్టెబిలిటీ వాటిలోనూ పాత నంబర్లు దొరుకుతాయి, ఏసిక్స్ జీటీ 2000, బ్రూక్స్ అడ్రినలిన్, సాకొనీ గైడ్, వాటిని కూడా తొడిగి చూడండి. నొప్పి తగ్గకపోతే షూల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బెన్నో నిగ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇదే చదివి, కాలికి ఏది హాయిగా ఉందో అదే తీసుకోండి, మీ ఒంటికి తెలిసినంత ఎవరికీ తెలియదు అన్న అర్థంలో 2015లో రాశాడు. శాస్త్రమంతా చదివి మా అమ్మమ్మ చెప్పే మాట దగ్గరికి వచ్చి చేరాడాయన.

ప్రశ్న: కిందటిసారి వాడిన మోడలే, అదే సైజు, కొత్త నంబరు వచ్చిందని పాతది చవగ్గా కొన్నాను. చిటికెన వేలు కరిచేస్తోంది. సైజు ఒకటే అయినప్పుడు ఇలా ఎందుకవుతుంది?

జవాబు: పైన గుడ్డ మారి ఉంటుంది, లేదా షూని బిగించి కుట్టే అచ్చు మారి ఉంటుంది. ఒకే పేరు, ఒకే సైజు ఉన్నా నంబరు నంబరుకీ ముందు భాగం వెడల్పు మారుతూ ఉంటుంది. ఇంకోటి, మీ పాదం కూడా మారి ఉండొచ్చు, పెద్దయ్యాక పాదం పెరగదని అనుకుంటాం గానీ వయసుతోనూ, బరువుతోనూ కొంచెం వెడల్పవుతుంది. సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే సాక్సుతోనే, నిలబడి చూసుకోండి. అన్నిటికన్నా పొడవైన వేలికి, కొందరికి అది బొటనవేలు కాదు, రెండోది, దానికీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే దూరం పెరిగేకొద్దీ గోళ్లు నల్లబడతాయి. రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్దదానికే కొలవండి.

మీ చిక్కు పొడవులో కాదు, వెడల్పులో ఉన్నట్టుంది. వెడల్పు చాలకపోతే చాలామంది ఒక సైజు పెద్దది కొనేస్తారు, అప్పుడు మడమ జారుతుంది, అక్కడ బొబ్బలు మొదలు. పెట్టె మీద అక్షరాలు చూడండి, మగవాళ్ల షూల్లో డి అంటే మామూలు వెడల్పు, 2ఈ అంటే ఎక్కువ. ఆడవాళ్లవాటిలో బి మామూలు, డి వెడల్పు. పాత మోడళ్లలో ఇదొక అదృష్టం, మామూలు వెడల్పువి ముందే అమ్ముడైపోయి, వెడల్పాటివి మిగిలిపోతూ ఉంటాయి, మీలాంటివాళ్ల కోసమే అన్నట్టు. సైజు పోల్చుకునేటప్పుడు యూకే నంబరు, యూఎస్ నంబరు కలగాపులగం చేసుకోకుండా లేబుల్ మీద సెంటీమీటర్లలో ఉన్నది చూసుకోండి.

మీ దగ్గరున్న జతకి ఒక్క ఉపాయం: చిటికెన వేలికి ఎదురుగా ఉన్న రంధ్రంలోంచి లేసు తీసేసి, దాన్ని వదిలేసి పై రంధ్రానికి ఎక్కించండి. అక్కడ గుడ్డ కాస్త వదులవుతుంది. రెండు పరుగుల తర్వాత కూడా కరిస్తే ఇంక దాన్ని నడకకి వాడుకోవాల్సిందే.

ప్రశ్న: నాకు బాగా కుదిరిన షూ డిస్కౌంట్‌లో పెట్టారు. ఇక ఆ నంబరు రాదు కదా అని ఒకేసారి నాలుగు జతలు కొని దాచుకుందామనుకుంటున్నా. ఒక్కో జత ఎన్నాళ్లు వస్తుంది?

జవాబు: నాలుగు వద్దు. ఈ పని నేనూ చేశాను, మూడు జతలు కొని అటక మీద పెట్టాను, మా ఇంట్లో ఎండకి మొదట వేడెక్కేది ఆ అటకే. మూడో జత తీసేసరికి మూడేళ్లు దాటింది. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది, వర్షంలో ఆరో కిలోమీటరు దగ్గర కుడికాలి సోల్ ముందు నుంచి విడిపోయి టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. లేసు విప్పి సోల్ చుట్టూ కట్టి ఇంటికి నడిచొచ్చాను.

సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందంటారు. బరువైన మనిషి, గరుకు రోడ్డు అయితే కింది అంకె దగ్గర, తేలికైన మనిషి, మట్టి దారి అయితే పై అంకె దగ్గర. వారానికి ఇరవై అయిదు కిలోమీటర్ల చొప్పున లెక్కేసుకున్నా ఒక జతకి అయిదు నెలల నుంచి ఏడెనిమిది నెలలు. అంటే మీరు కొనే నాలుగో జతకి కాలు తగిలేది ఏడాదింపావు నుంచి దాదాపు రెండేళ్ల తర్వాత ఎప్పుడో. అప్పటికి షాపులో గడిపిన కాలం కూడా కలిపితే ఎంతవుతుందో చూసుకోండి. రెండు జతలు కొనండి, రెండూ ఒకేసారి వాడకంలో పెట్టండి, రోజు మార్చి రోజు. చెమటకి తడిసినది పూర్తిగా ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది. కుదిరితే రెండోది వేరే మోడల్ తీసుకోండి. 264 మంది రన్నర్లని 22 వారాలు గమనించిన ఒక అధ్యయనంలో వేర్వేరు షూలు మార్చి మార్చి వాడినవాళ్లకి దెబ్బలు 39 శాతం తక్కువ తగిలాయి. అలా మార్చేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండొచ్చు అనుకోండి, అయినా నష్టమైతే లేదు.

వాడకం మొదలెట్టిన తేదీ ఇన్‌సోల్ అడుగున పెన్నుతో రాసుకోండి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దు, ఎండలో పెట్టొద్దు, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడలో ఆరనివ్వండి.

ప్రశ్న: ఒకరు వాడిన షూ, వంద కిలోమీటర్లే పరుగెత్తారట, చాలా చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వంద అని వాళ్లు చెప్పడమే గానీ షూకి మీటరు ఉండదు. పైగా ఫోమ్ అప్పటికే వాళ్ల అడుగుకి తగ్గట్టు అణిగి ఉంటుంది.

ప్రశ్న: సోల్ లోపల కార్బన్ ప్లేట్ (గట్టి పలచటి రేకు) ఉన్న రేసింగ్ షూ పాత మోడల్ ఇప్పుడు మామూలు షూ ధరకి కొంచెం పైన దొరుకుతోంది. దాన్నే రోజూ వేసుకుంటే వేగం పెరుగుతుంది కదా?

జవాబు: 2017లో ఇలాంటి ప్లేట్ ఉన్న నైకీ వేపర్‌ఫ్లై వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. వాటి ఫోమ్ మెత్తగా, తేలికగా ఉంటుంది, అంతే తొందరగా నలిగిపోతుంది, కింద రబ్బరు కూడా పలచన. మెల్లగా పరుగెత్తే రోజుల్లో ఎత్తుగా, మెత్తగా ఉన్న సోల్ మీద చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. పోటీ రోజు కోసం, అంతకుముందు రెండు మూడు వేగం పరుగుల కోసం దాచుకునేట్టయితే తీసుకోండి. రోజువారీకి అయితే ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి పాత నంబరు న్యూట్రల్ షూలు రెండు జతలు తెచ్చుకోండి, వానాకాలంలో ఒకటి ఆరుతుంటే రెండోది కాళ్లకుంటుంది.